బలాలు, బలహీనతలు రాయమన్నారు. ఏం రాయాలో తోచడం లేదు

తార్నాక_టీచరమ్మ
శనివారం లోపు ఒక కాగితం ఇవ్వాలి. రెండు రోజులుగా అది నా సంచిలో టిఫిన్ డబ్బా కింద నలుగుతోంది.

నేను హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలిని. సర్వీసు 22 ఏళ్లు. రేపో మాపో మండల విద్యాధికారి (ఎంఈవో) బాధ్యత కూడా నెత్తిన పెడతారని మాలో కొందరిని శిక్షణకు పిలిచారు. మొదటిరోజే ఒక ఫారం చేతికిచ్చారు. అమెరికాలో బడుల సూపరింటెండెంటు కాదలచినవాళ్లు తమను తాము అంచనా వేసుకునే పత్రమట, దాన్నే తెలుగు చేశారు. పది అంశాలు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మన మార్కులు మనమే వేసుకోవాలి. ఆపైన నాయకురాలిగా నా బలాలు ఒక పేజీ, బలహీనతలు ఒక పేజీ.

బలాల కింద సహనం, సమయపాలన, క్రమశిక్షణ, అందరినీ కలుపుకుపోయే స్వభావం అని రాశాను. బలహీనతల కింద "పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టదు, ఎవరినీ నొప్పించలేను" అని రాశాను. శిక్షణ ఇస్తున్న ఆయన ఎర్ర సిరాతో తిప్పి పంపారు. మొదటి పేజీ మీద "పెళ్లి సంబంధానికి పంపినట్టుంది". రెండో పేజీ మీద "ఇవి బలహీనతలా, బిరుదులా?"

ఇన్నేళ్లూ ఎర్ర సిరా నా చేతిలో ఉండేది. ఇప్పుడు నా మీద పడేసరికి మండిపోయింది. కోపం తగ్గాక చూస్తే ఆయన అన్నది నిజమే. మరి నిజం ఎలా రాస్తారు? రాస్తే అది ఎక్కడికి పోతుంది? ఫైలులో పడి పదేళ్ల తర్వాత పైకి లేస్తుందా?

ఇరానీచాయ్_రెండు
"పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టదు" చదివి చాయ్ పొలమారింది. మా కంపెనీలో ప్రతి మార్చిలో మూడువందల మందిమి ఇదే రాస్తాం. నిద్రపోయేవాడు ఒక్కడూ లేడు.

గంట_కొట్టేవేళ
ముందు ఒక అనుమానం. బడికి సూపరింటెండెంటు ఏమిటి? నాకు తెలిసిన సూపరింటెండెంట్లు ముగ్గురే. ఆఫీసులో ఫైలు ఆపేవాడు, పదో తరగతి పరీక్షల్లో చీఫ్ సూపరింటెండెంటు, జైలు సూపరింటెండెంటు. ఈ మేడంను వీటిలో దేనికి తయారు చేస్తున్నారు?

నల్లబల్ల
మూడూ కలిపితే ఎంఈవో.

టెక్సస్_తెలుగింటి
గంట గారి అనుమానం నేను తీరుస్తాను. డల్లాస్ దగ్గర ఒక బడికి ప్రిన్సిపాల్‌ని. సూపరింటెండెంటు సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేసి రెండేళ్లయింది. ఇక్కడ బడులన్నీ డిస్ట్రిక్టుల కింద ఉంటాయి. డిస్ట్రిక్టు అంటే మన జిల్లా కాదు, టెక్సస్ ఒక్కదానిలోనే వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక్కోదానికీ జనం ఓట్లేసి ఎన్నుకున్న బోర్డు ఉంటుంది, చాలాచోట్ల ఏడుగురు సభ్యులు. ఆ బోర్డు తెచ్చిపెట్టుకునే అధికారి సూపరింటెండెంటు. నియామకాలు, బడ్జెట్, బస్సులు, భోజనం, చదువు అన్నీ ఆ మనిషి నెత్తిమీదే. ఒప్పందం మీద ఉద్యోగం, ఐదేళ్లకు మించి రాసుకోకూడదు. ఏడాదికోసారి బోర్డు కూర్చోబెట్టి లెక్క అడుగుతుంది. మన దగ్గర దీనికి సరిజోడు పదవి లేదు. ఎంఈవో, డిప్యూటీ ఈవో, డీఈవో ముగ్గురినీ రోట్లో వేసి దంచితే కొంత దగ్గరికి వస్తుంది.

టీచరమ్మ గారి పది అంశాలు 2015లో అమెరికాలో విద్యానాయకుల కోసం తయారైన పది ప్రమాణాలే అయి ఉండాలి. మూడోది సమానత్వం, భిన్న సంస్కృతుల పట్ల స్పందన. తొమ్మిదోది నిర్వహణ. అవునా?

తార్నాక_టీచరమ్మ
అవునండీ, అవే. తొమ్మిదోదానికి ఐదుకు ఐదు వేసుకున్నాను. మూడోదానికి నాలుగు.

నల్లబల్ల
కోపం తెచ్చుకోకండి కానీ ఇదంతా అరువు తెచ్చిన వేషం. ఆవిడ చెప్పిన సూపరింటెండెంటుకు నియమించే అధికారం ఉంది, డబ్బు ఉంది. మన దగ్గర ఇన్‌ఛార్జి ఎంఈవోకి ఏముంది? సొంత బడి ఒకటి, మండలం ఒకటి, రెంటికీ కలిపి ఒక ప్రాణం. టీచరును బదిలీ చేయలేడు, బడి గోడకు సున్నం వేయించాలన్నా మూడు సంతకాలు. పొద్దున బడుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే యూడైస్ లెక్కలు, మధ్యాహ్నం భోజనం బిల్లులు, సాయంత్రం "వెంటనే పంపండి" అని సందేశం. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులు టీచర్లకు పెట్టవద్దంటుంది. ఆ సెక్షన్ మా స్టాఫ్ రూంలో వినాయకుడి పటం పక్కన అంటించుకోవాలి. అధికారం లేనివాడి నాయకత్వ బలహీనతలు అడగడం, కాళ్లు కట్టేసి పరుగు పందెంలో మార్కులు వేయడం లాంటిది.

టెక్సస్_తెలుగింటి
అధికారం ఉంటే అంతా సుఖమని ఎవరన్నారు? ఏడుగురిలో నలుగురికి నచ్చకపోతే మూటా ముల్లే సర్దుకోవాలి. ఇక్కడ బోర్డునూ సూపరింటెండెంటునూ కలిపి "ఎనిమిది మంది జట్టు" అంటారు. ఆ ఎనిమిదో మనిషి జట్టులో ఉన్నాడో, బోనులో ఉన్నాడో సమావేశం అయ్యాక గానీ తెలియదు.

నల్లబల్ల
అయినా జీతం డాలర్లలో.

టెక్సస్_తెలుగింటి
పన్నులు కూడా.

మాజీ_హెచ్‌ఎం
నల్లబల్ల చెప్పినదానిలో సగం నిజం ఉంది. మిగతా సగం నా అనుభవం చెబుతాను, ఓపిక ఉంటే చదవండి.

రంగారెడ్డి జిల్లాలో ఒక బడికి ఏడేళ్లు హెచ్‌ఎంగా ఉన్నాను. నేను చేరేనాటికి ఆలస్యంగా రావడం అక్కడ ఆనవాయితీ. మొదటి రోజు నుంచే ప్రార్థనకు అరగంట ముందు గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టాను. ఎవరినీ ఏమీ అనను, చేతి గడియారం వైపు చూస్తాను, అంతే. నెల తిరిగేసరికి అందరూ వేళకు వచ్చేవారు. ఏడేళ్లలో ఒక్క మెమో ఇవ్వలేదు. ఆ రోజుల్లో ఎవరైనా ఈ ఫారం ఇచ్చి ఉంటే "సమయపాలన, మాటతో పని లేని క్రమశిక్షణ" అని బలాల్లో మొదట రాసేవాడిని, ఇంట్లో పటం కట్టించుకునేవాడిని కూడా.

రిటైరయ్యాక ఒక పెళ్లిలో మా పాత అటెండరు కనిపించాడు. బడి ఎలా ఉందని అడిగాను. "మీరు పోయిన వారానికే మళ్లీ మామూలే సార్" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు. కొత్తాయన చేతగానివాడా అన్నాను. "ఆయన మంచోడే సార్. మీరున్నప్పుడు గేటు మీరే మూసేవారు, గంట మీరే చూసేవారు, లీవు లెటర్లు మీ జేబులోనే ఉండేవి. ఎవరికీ ఏమీ తెలియనివ్వలేదు కదా" అన్నాడు.

పెరుగన్నం తినకుండానే లేచాను. ఏడేళ్లు నేను కట్టానని అనుకున్నది బడి అలవాటు కాదు, నా భయం. దాన్ని నేను బలం అనుకున్నాను. మండలానికి పోతే ఎన్ని గేట్ల దగ్గర నిలబడతాం, టీచరమ్మగారూ?

గంట_కొట్టేవేళ
సార్, ఆ అటెండరుకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం ఇప్పించాలి.

మలక్‌పేట_మూలమలుపు
మాజీ సార్ రాసింది చదివి మా ఆయనకు వినిపించాను. ఆయన పోలీసు శాఖలో ఉంటారు. "మా ఇన్‌స్పెక్టర్ కథ ఈయనకెలా తెలిసింది" అన్నారు.

లెక్కల_మాస్టారు
టీచరమ్మగారు తొమ్మిదోదానికి ఐదుకు ఐదు వేసుకున్నారు కనుక ఒక లెక్క చెప్పి వెళ్తాను. 1999లో డన్నింగ్, క్రూగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు తర్కం, వ్యాకరణం లాంటి పరీక్షలు పెట్టి, మీరు వందమందిలో ఎక్కడుంటారని వాళ్లనే అడిగారు. అట్టడుగు పావువంతులో ఉన్నవాళ్ల అసలు స్థానం సగటున 12వ శతాంశం దగ్గర, అంటే వందలో పన్నెండుగురే వాళ్లకంటే వెనుక. వాళ్లు తమకు తాము ఇచ్చుకున్నది 62. పైన ఉన్నవాళ్లు తమను కాస్త తక్కువే వేసుకున్నారు.

కాబట్టి ఐదుకు ఐదు వేసుకోవడం నేరం కాదు. అది పదోతరగతి పిల్లవాడు "పేపరు బాగా రాశాను సార్" అనడం లాంటిది. సమాధాన పత్రం చూసేదాకా ఆ మాటకు విలువ లేదు.

తార్నాక_టీచరమ్మ
మాస్టారూ, నా సమాధాన పత్రం దిద్దేదెవరు? అదే కదా నా ప్రశ్న.

సుద్దముక్క
ఇద్దరు దిద్దాలి. ఒకటి మీ కింద పనిచేసేవాళ్లు, రెండు మీ రిజిస్టర్లు.

ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ నీపా 2012లో బడి నాయకత్వం కోసం ఒక జాతీయ కేంద్రం పెట్టింది. వాళ్ల పాఠ్యక్రమంలో ఏడు ముఖ్య విభాగాలు ఉన్నాయి, రెండోదే తనను తాను తీర్చిదిద్దుకోవడం. ఆ తరహా శిక్షణలో మాకు జోహారీ కిటికీ అని ఒకటి చెప్పారు. పేరు విని ఎవరో మహానుభావుడికి జోహార్లు అర్పించే కిటికీ అనుకున్నాను. కాదు, 1955లో జో, హ్యారీ అని ఇద్దరు తమ పేర్లు కలిపి పెట్టుకున్నారు. నాలుగు గళ్లు. నాకూ తెలిసి ఇతరులకూ తెలిసినది, నాకే తెలిసినది, ఎవరికీ తెలియనిది. నాలుగో గడి అసలు విషయం: లోకమంతటికీ తెలిసి నాకు మాత్రం తెలియనిది. మాజీ సార్‌కు పెళ్లి భోజనంలో తెరుచుకున్నది ఆ గడే.

మీరు చేయవలసిన పని ఇదీ. విశేషణం రాయవద్దు, సంఘటన రాయండి. "సహనం" కాదు, "ఫలానా రోజు ఫలానా టీచరు ఎదురు తిరిగితే నేను ఇలా చేశాను, తర్వాత ఇలా జరిగింది". సంఘటన దొరకని గుణాన్ని కొట్టేయండి. నా పేజీలో పదకొండు గుణాలు రాసుకుంటే ఈ పద్ధతిలో రెండు మిగిలాయి. అందులో ఒకటి అక్షరాలు గుండ్రంగా రాయడం.

తార్నాక_టీచరమ్మ
రాత్రి కూర్చుని కొట్టేశాను. సహనానికి సంఘటన దొరకలేదు. దొరికినవన్నీ అసహనానివే.

నల్లబల్ల
సుద్దముక్క గారు కింద పనిచేసేవాళ్లను అడగమన్నారు. నేను అడిగాను. మూడేళ్ల క్రితం, హెచ్‌ఎం అయిన కొత్తలో, పేర్లు లేని చీటీలు రాసి డబ్బాలో వేయమన్నాను. పద్నాలుగు చీటీలు వచ్చాయి. మన వృత్తి ఏమిటి? చేతిరాతలు గుర్తుపట్టడం. డబ్బా తెరిచిన రెండు నిమిషాల్లో ఎవరేం రాశారో నాకు తెలిసిపోయింది. తెలుస్తుందని వాళ్లకూ ముందే తెలుసు. అందుకే పన్నెండు చీటీల్లో "మా సార్ దేవుడు". ఒకదానిలో "ఫ్యాను బాగుచేయించండి". ఇంకొకటి ఖాళీ.

మాజీ_హెచ్‌ఎం
ఆ ఖాళీ చీటీ దాచుకున్నారా? మీకు వచ్చిన నిజమైన జవాబు అదొక్కటే.

నల్లబల్ల
...ఫ్యాను బాగుచేయించాను.

కూకట్‌పల్లి_వైస్
నేను ప్రైవేటు బడిలో వైస్ ప్రిన్సిపాల్‌ని. మా యాజమాన్యం ఏటా చుట్టూ ఉన్న అందరి చేతా మనకు మార్కులు వేయిస్తుంది, పైవాళ్లు, కిందివాళ్లు, తోటివాళ్లు, తల్లిదండ్రులు. కంప్యూటర్‌లోనే కాబట్టి చేతిరాత గొడవ లేదు. అయినా నల్లబల్ల గారి దేవుళ్లే వస్తారు. జీతం పెంపు అదే నెలలో ఉంటుంది కదా. అంచనాకూ జీతానికీ ముడిపెట్టినచోట నిజం రాదు. టీచరమ్మగారు ముందు తేల్చుకోవలసింది ఆ ఫారం ఎవరి బల్ల మీదికి పోతుందన్నది.

తార్నాక_టీచరమ్మ
శిక్షణలో అడిగాను. ఆయన దగ్గరే ఉంటుందట, చివరిరోజు మాకే తిరిగిచ్చేస్తారట. ఆ మాట లిఖితపూర్వకంగా ఇవ్వండని మాలో ఒకాయన అడిగారు. ఇరవై ఆరు మందిమీ పగలబడి నవ్వాం, ఆయన మాత్రం నవ్వలేదు.

టెక్సస్_తెలుగింటి
నల్లబల్ల గారి డబ్బాకు ఒక ప్రత్యామ్నాయం. మా కోర్సులో మనుషులను అభిప్రాయం అడగనివ్వలేదు, జరిగినదాన్ని కొలవమన్నారు. అభిప్రాయానికి మొహమాటం ఉంటుంది, గడియారానికి ఉండదు. నా సిబ్బంది సమావేశం ఒకటి వాళ్ల అనుమతితో ఫోనులో రికార్డు చేశాను. యాభై నిమిషాలు. ఇంటికి వెళ్లి విన్నాను. నలభై ఒక్క నిమిషాలు నేనే మాట్లాడాను. "మీ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పండి" అని నాలుగుసార్లు అన్నాను, నాలుగుసార్లూ ఎవరూ నోరు తెరవకముందే జవాబు నేనే ఇచ్చాను. అంతకు వారం ముందే "వినే గుణం" అని బలాల్లో రాసుకున్నాను, అందుకే సిగ్గేసింది.

రెండో బలహీనత డబ్బు. బడ్జెట్ పుస్తకం చూస్తే నిద్ర వచ్చేది. పాఠాలు చెప్పి పైకి వచ్చినవాళ్లకు ఇది మామూలే అనుకుంటా. అదైతే ఒప్పుకోవడం సులువు, నేర్చుకోవడమూ సులువు, డిస్ట్రిక్టు ఖాతాలు చూసే అధికారి పక్కన ఒక సీజను కూర్చున్నాను. మొదటిదే ఇంకా పోలేదు. ఇప్పుడు సమావేశాల్లో పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటాను.

ఇరానీచాయ్_రెండు
అక్కా, ఈ పోస్టు పొడవు చూస్తే పెన్ను బయటికి వచ్చినట్టుంది.

టెక్సస్_తెలుగింటి
వచ్చింది తమ్ముడూ.

లెక్కల_మాస్టారు
గడియారం మాట బాగుంది. ఎంఈవో అయ్యాక కొలవవలసింది ఇంకొకటి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశం జరిగేటప్పుడు మీరు ఎంతసేపు కూర్చుంటారు? కాంప్లెక్సుల ఆలోచన కొఠారీ కమిషన్ నాటిది, 1964-66. పక్కపక్క బడుల టీచర్లు కలిసి ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని. మన దగ్గర అధికారి వస్తారు, నాలుగు మాటలు చెబుతారు, "నాకు ఇంకో మీటింగ్ ఉంది, మీరు కానివ్వండి" అని సంతకం పెట్టి వెళ్లిపోతారు. వివియన్ రాబిన్సన్ అనే పరిశోధకురాలు, మరో ఇద్దరు 2008లో పాత అధ్యయనాలు ముందేసుకుని, బడి నాయకులు చేసే పనుల్లో పిల్లల చదువు మీద దేని ప్రభావం ఎక్కువో లెక్కగట్టారు. అన్నిటికంటే ఎక్కువ వచ్చింది నాయకుడు తానే టీచర్ల శిక్షణలో కూర్చుని వాళ్లతో పాటు నేర్చుకోవడానికి, ప్రభావం కొలత 0.84. గేటు దగ్గర నిలబడడం ఆ లెక్కలోకే రాలేదు, మాజీ సార్ క్షమించాలి.

మాజీ_హెచ్‌ఎం
క్షమించాను. ఆ సమావేశాల్లో నేను కూడా "నాకు ఇంకో మీటింగ్ ఉంది" బాపతే. ఇంకో మీటింగ్ ఉండేది కాదు.

నల్లబల్ల
ఇది ఒప్పుకుంటాను. దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. కుర్చీ ఉంటే చాలు.

పాతబస్తీ_పంతులు
ఇంత చర్చ జరిగింది, ఒక్కరూ భాష మాట ఎత్తలేదు. హైదరాబాద్ జిల్లాలో పదహారు మండలాలు. ఇక్కడ తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలే కాదు, ఉర్దూ మాధ్యమం బడులు ఎన్నో. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. నేను ఉర్దూ మాధ్యమంలో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. తనిఖీకి వచ్చినవాళ్లలో పిల్లల పుస్తకం తీసి చదవగలిగినవాళ్లు నాకు తెలిసి ముగ్గురు. మిగిలినవాళ్లు నోటు పుస్తకం చూస్తారు, తల ఊపుతారు, "గుడ్" అంటారు. తప్పు లెక్కకూ "గుడ్", ఒప్పు లెక్కకూ "గుడ్". పిల్లలు ఇంటర్వెల్‌లో ఆ తల ఊపడం అనుకరించి ఆడుకుంటారు. టీచరమ్మగారు మూడో అంశానికి నాలుగు మార్కులు ఎలా వేసుకున్నారో తెలుసుకోవాలని ఉంది. గొడవకు కాదు.

తార్నాక_టీచరమ్మ
నిన్న మధ్యాహ్నం మీ పోస్టు చూశాను పంతులుగారూ. అప్పుడే జవాబు రాయలేకపోయాను.

నాలుగు ఎందుకు వేసుకున్నానంటే, మా కాంప్లెక్సులోని ఉర్దూ మాధ్యమం ప్రాథమిక బడికి రంజాన్ నెలలో వేళలు మార్చడంలో ఇబ్బంది రాకుండా చూశాను, వాళ్ల కార్యక్రమాలకు తప్పకుండా వెళ్తాను, అందరూ నన్ను గౌరవిస్తారు. అదే నా లెక్క.

పోయిన డిసెంబరులో కాంప్లెక్స్ హెచ్‌ఎంగా ఆ బడికి వెళ్లాను. నాలుగో తరగతి. ముందు వరసలో ఒక పాప నోటు పుస్తకం చేతిలోకి తీసుకుని తెరిచాను. ఖాళీ పేజీలు. ఇంకో నాలుగు తిప్పాను, ఖాళీయే. టీచరు వైపు తిరిగి, పిల్లలందరి ముందూ, "డిసెంబరు వచ్చినా ఏమీ రాయించలేదే" అన్నాను. ఆ టీచరమ్మ ఏమీ అనలేదు, నేల చూసింది. ఆ పాప లేచి నా చేతిలో పుస్తకాన్ని మెల్లగా వెనక్కి తిప్పి, అటువైపు నుంచి తెరిచి మళ్లీ నా చేతిలో పెట్టింది. పేజీల నిండా ముత్యాల్లాంటి రాత.

నేను నవ్వేశాను. పిల్లలూ నవ్వారు. టీచరు నవ్వలేదు. ఆ తర్వాత తక్కిన పుస్తకాలన్నిటి మీదా ఒక్క అక్షరం చదవలేకుండానే సంతకాలు పెట్టాను. సందర్శన రిజిస్టరులో "పిల్లల రాత బాగుంది, కృషి అభినందనీయం" అని రాశాను. తెలుగులో. ఆ టీచరుకు తెలుగు చదవడం అంతంతమాత్రం.

సుద్దముక్క గారు సంఘటన రాయమన్నప్పటి నుంచి ఇదే కళ్ల ముందు తిరుగుతోంది. దీన్ని తప్పించుకోవడానికి ఇంకా ఆరు రాశాను.

మలక్‌పేట_మూలమలుపు
ఆ పాపకు నమస్కారం.

కూకట్‌పల్లి_వైస్
మేడం, ఇది ఇక్కడ రాశారు సరే, ఫారంలో రాయవద్దు. భాష రాదని రాసి ఇస్తే రేపు మండలం ఇచ్చేటప్పుడు అదే కారణం చూపి పక్కన పెడతారు. బడ్జెట్ అవగాహన తక్కువని రాయండి. అది అందరికీ ఉండేదే, ఎవరికీ దెబ్బ తగలదు.

నల్లబల్ల
ఈ చర్చలో మొదటిసారి పూర్తిగా ఏకీభవించాలనుంది, కానీ ఏకీభవించలేకపోతున్నాను. అందరికీ ఉండే బలహీనత రాస్తే మళ్లీ పెళ్లి బయోడేటానే.

పాతబస్తీ_పంతులు
ఉర్దూ రాకపోవడం మేడం బలహీనత అని నేను అనుకోను. రాదు, అంతే. నాకు తెలుగు సంధులు రావు. చదవలేని పుస్తకం మీద సంతకం పెట్టడం వేరు. అడగకుండా అనేయడం వేరు. నవ్వేసి ఊరుకోవడం కూడా. ఆ టీచరు చోట నేను చాలాసార్లు ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, పుస్తకం తిరగేసి పట్టుకున్నందుకు మాకు బాధ ఉండదు. తర్వాత పెట్టే సంతకానికి ఉంటుంది.

తార్నాక_టీచరమ్మ
మీరు విడదీసి చెప్పేదాకా నాకు తట్టలేదు. నేను "ఉర్దూ భాషాజ్ఞానం లేకపోవడం" అని సగం పేజీ రాసి పెట్టుకున్నాను. చించేశాను.

మాజీ_హెచ్‌ఎం
ఒక్క మాట అడుగుతాను. ఆ బడికి మళ్లీ వెళ్లారా?

తార్నాక_టీచరమ్మ
లేదు సార్. రెండుసార్లు కార్యక్రమం వేసుకుని రెండుసార్లూ కాంప్లెక్సు బడులకు తిరిగే సీఆర్పీని పంపాను. ఇంకో మీటింగ్ ఉందని.

గంట_కొట్టేవేళ
ఆ ఇంకో మీటింగ్ ఎక్కడ జరుగుతుందో కనిపెట్టాలి. రాష్ట్రంలోని హెచ్‌ఎంలందరూ అక్కడే ఉంటున్నారు.

సుద్దముక్క
బలాల పేజీ సంగతి ఏమైంది? తిట్టుకోవడంలో పడి అది మరిచిపోయారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క సంఘటన దొరకదా? బలం రాయడానికి సిగ్గుపడడం కూడా ఒక రకం వేషమే.

తార్నాక_టీచరమ్మ
ఒకటి దొరికింది. కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు మా తొమ్మిదో తరగతిలో పదకొండు మంది రాలేదు. హాజరు పట్టీలో పేర్లు కొట్టేయమని సలహాలు వచ్చాయి. నేనూ మా పీఈటీ సారూ ఆయన స్కూటర్ మీద ఆదివారాలు ఇళ్లకు తిరిగాం. ఒకడు మెకానిక్ షెడ్డులో, ఇద్దరు ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్ పనిలో, ఒక పాప పెళ్లి మాటల్లో. ఏడుగురు తిరిగి వచ్చారు. నలుగురు రాలేదు. నాలుగో ఇంటికి ఎన్నిసార్లు వెళ్లానో మా ఆయన ఇప్పటికీ లెక్క చెబుతారు. ఇది బలమేనా? దీన్ని ఏ అంశం కింద వేయాలో తెలియలేదు.

టెక్సస్_తెలుగింటి
ఐదు, ఎనిమిది. పిల్లల పట్ల శ్రద్ధ, కుటుంబాలతో సంబంధం. ఏడుగురు, నలుగురు, రెండు అంకెలూ రాయండి. నలుగురిని దాచవద్దు.

లెక్కల_మాస్టారు
పదకొండు ఇళ్లు కాబట్టి మీరే తిరిగారు. మండలమంటే ఎన్ని బడులు, ఎన్ని ఇళ్లు? ఈసారి స్కూటర్ ఎవరికిస్తారో కూడా రాయండి. మాజీ సార్ గేటు కథ గుర్తుంది కదా.

తార్నాక_టీచరమ్మ
రాశాను. నిన్న ఇచ్చేశాను. తొమ్మిదోది ఐదు నుంచి మూడుకు దించాను, మూడోది నాలుగు నుంచి రెండుకు. బలహీనతల పేజీ మొదలు ఇక్కడ పెడుతున్నాను, అడిగారు కాబట్టి:

"నాకు తెలియని చోట తెలిసినట్టు సంతకం పెడతాను. డిసెంబరులో ఒక తరగతి పుస్తకాలన్నిటి మీదా అలా పెట్టాను. తప్పు చేస్తే నవ్వించి దాటేస్తాను, క్షమాపణ అడగను. ఆ తర్వాత ఆ చోటికి వెళ్లడం మానేస్తాను."

ఈసారి ఎర్ర సిరా లేదు. పెన్సిలుతో అడుగున ఒక్క ప్రశ్న వేశారు: "ఆ టీచరుకు ఈ విషయం చెప్పారా?"

ఇరానీచాయ్_రెండు
చెప్పారా?

తార్నాక_టీచరమ్మ
బుధవారం వెళ్తున్నాను. పంతులుగారూ, మీకు వీలైతే ఆలోపు ఒక సాయం. సందర్శన రిజిస్టరులో రాయడానికి రెండు వాక్యాలు ఉర్దూలో నేర్పుతారా? తెలుగు లిపిలో పంపితే చాలదు, వాళ్ల లిపిలోనే రాయాలని ఉంది.

పాతబస్తీ_పంతులు
రెండు వాక్యాలకు రెండు నెలలు పడుతుంది మేడం. బుధవారానికి మీ పేరు రాయడం నేర్పుతాను. ఆదివారం పొద్దున చార్మినార్ వైపు రండి. పలక తెచ్చుకోండి.

ఇరానీచాయ్_రెండు
పలక ఎటు పక్క నుంచి మొదలుపెట్టాలో ముందే అడగండి అక్కా.